గుడికి కెమెరాలా, వీధిలో మనుషులా? అమెరికాలో తుపాకీ హింస నివారణ గ్రాంట్లు: ఏది ఎవరికి

అమెరికాలో ఎక్కడైనా కాల్పులు జరిగి, పోయినవాళ్లలో మనవాళ్లు ఉన్నారని తెలిసిన రెండు మూడు రోజులకు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "దీనికి గవర్నమెంటు గ్రాంట్లు ఉంటాయట కదా, మన సంఘం అప్లై చేయకూడదా?" అని. 2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఓలేథ్ బార్‌లో హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపారు. 2023 మేలో డాలస్ దగ్గర ఎలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోతే, వాళ్లలో హైదరాబాద్ అమ్మాయి ఉంది. ఇలాంటివి విన్నాక ఆ ప్రశ్న రావడం సహజమే.

గ్రాంట్లు ఉన్నాయి. చిక్కేమిటంటే ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో శాఖ చేతిలో, ఒక్కో పని కోసం పుట్టింది. పెద్ద అంకె చూసి దాని వెంట పడితే, ఆరు నెలలు కాగితాలు నింపాక "మీరు అర్హులు కారు" అన్న జవాబు వస్తుంది. నన్నడిగితే గ్రాంటు పేరు చూసే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు భయపడుతున్నది దేనికి? 2023లో అమెరికాలో తుపాకీ వల్ల 46,728 మంది చనిపోయారు. అందులో 27,300 ఆత్మహత్యలు. హత్యలు 18 వేల లోపే. టీవీలో కనిపించే మాల్ కాల్పులు, గుళ్ల మీద దాడులు ఈ మొత్తంలో చాలా చిన్న భాగం. అలాగని వాటిని పట్టించుకోనక్కర్లేదని కాదు. కానీ గుడి గేటు దగ్గర పెట్టిన కెమెరా, ఇంట్లో గది తలుపేసుకుని కూర్చున్న మనిషికి ఏ విధంగానూ పనికిరాదు. బయటి నుంచి వచ్చే దాడి, వీధిలో ముఠాల మధ్య కక్ష, మానసికంగా కుంగిపోయిన మనిషి చేతికి తుపాకీ అందడం అనేవి మూడు వేర్వేరు సమస్యలు. వాటి గ్రాంట్లు కూడా వేరు.

రెండోది, నేరుగా అప్లై చేసే హక్కు ఎవరికి ఉంది? కొన్నింటికి రాష్ట్ర ప్రభుత్వం మాత్రమే అప్లై చేయగలదు. కొన్నింటికి 501(సి)(3) గుర్తింపు, అంటే లాభాపేక్ష లేని సంస్థగా పన్ను శాఖ (ఐఆర్‌ఎస్) ఇచ్చే గుర్తింపు, ఉన్న సంస్థ చాలు. వ్యాపారాలకు వీటిలో దాదాపు దేనికీ తలుపు లేదు.

మూడోది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? ఈ గ్రాంట్లలో చాలావాటికి ముందు మీరు ఖర్చు పెట్టి, బిల్లులు పంపితే తర్వాత తిరిగి ఇస్తారు. ఆంధ్రా, తెలంగాణల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం కాలేజీల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ మాటలో ఎంత బరువుందో చెప్పనక్కర్లేదు.

నాలుగోది 2025 తర్వాత కొత్తగా వచ్చి చేరింది. మంజూరైన గ్రాంటు మధ్యలో ఆగిపోతే మీ పరిస్థితి ఏమిటి? అయిదోది కాగితం పని. లెక్కలు రాసేవాళ్లు, రిపోర్టులు పంపేవాళ్లు, అవసరమైతే ఆడిట్‌కు కూర్చునేవాళ్లు మీ దగ్గర ఉన్నారా? అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్‌లో నడిపే సంఘాల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది ఇక్కడే. మొదటి నాలుగు ప్రశ్నలతో చూస్తే ముఖ్యమైన గ్రాంట్లు ఇలా ఉంటాయి. పేర్ల వివరాలు కింద వస్తాయి.

| గ్రాంటు | ఏ ప్రమాదానికి | ఎవరు అప్లై చేయాలి | డబ్బు వచ్చే తీరు | ఎంత నమ్ముకోవచ్చు |
|---|---|---|---|---|
| ఎన్‌ఎస్‌జీపీ | గుడి, కమ్యూనిటీ సెంటర్ మీద దాడి | 501(సి)(3) సంస్థ, రాష్ట్ర ఏజెన్సీ ద్వారా | ముందు ఖర్చు, తర్వాత తిరిగి చెల్లింపు | ఏళ్లుగా వస్తోంది, పోటీ బాగా ఎక్కువ |
| బర్న్ స్కిప్ | కుంగిపోయిన మనిషి, చేతికందే తుపాకీ | రాష్ట్రం. దాని నుంచి కౌంటీలు, కోర్టులు, సంస్థలు | రాష్ట్రాన్ని బట్టి | ఐదేళ్ల పద్దు 2026తో ముగుస్తుంది |
| సీవీఐపీఐ | వీధి కక్షలు, ప్రతీకార కాల్పులు | 2025 నుంచి ప్రభుత్వ సంస్థలు | విడతల వారీగా | బాగా తగ్గింది |
| రాష్ట్రాల సొంత గ్రాంట్లు | వీధి హింస, గుడి భద్రత రెండూ, రాష్ట్రాన్ని బట్టి | నగరాలు, స్థానిక స్వచ్ఛంద సంస్థలు | రాష్ట్రాన్ని బట్టి | ఆ రాష్ట్రంలో సొంత పన్ను ఉంటే బాగుంది |
| బాధితుల పరిహారం | జరిగిపోయాక కుటుంబానికి | బాధితులు, కుటుంబ సభ్యులు | ఖర్చుల బిల్లుల మీద | ఫెడరల్ సాయం 1984 చట్టంతో మొదలైంది |

ఎన్‌ఎస్‌జీపీ: గుడి, బడి, సెంటర్ ఉన్నవాళ్లకు

నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్‌ను నడిపేది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉన్న విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా. దాడి ముప్పు ఉన్న లాభాపేక్ష లేని సంస్థల భవనాలను గట్టిపరచుకోవడానికి డబ్బిస్తుంది. యూదుల ప్రార్థనా మందిరాలు, గురుద్వారాలు, మసీదులు, చర్చిలు చాలా కాలంగా దీన్ని వాడుకుంటున్నాయి. 2012లో విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో, 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో జరిగిన కాల్పుల తర్వాత దీని మీద అందరి చూపూ పడింది. 2025 వేసవిలో యూటాలోని స్పానిష్ ఫోర్క్‌లో రాధాకృష్ణ మందిరం మీద బుల్లెట్లు పడ్డాక హిందూ దేవాలయాల బోర్డు మీటింగుల్లోనూ దీని పేరు వినపడుతోంది.

దీంతో ఏం చేసుకోవచ్చు? కెమెరాలు, లైట్లు, గేట్లు, కంచె, తలుపుల యాక్సెస్ కంట్రోల్, వాహనాలు దూసుకురాకుండా అడ్డంగా పాతే స్తంభాలు, కాంట్రాక్టు గార్డులు, కాల్పులు జరిగితే ఏం చేయాలో వలంటీర్లకు ట్రైనింగ్. తుపాకులు కొనడానికి మాత్రం పనికిరాదు. 2024లో ఒక్కో స్థలానికి గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు ఇచ్చారు. 2025 ప్రకటనలో ఆ పరిమితిని రెండు లక్షలకు పెంచారు. మీ వాటాగా కొంత పెట్టాలన్న నిబంధన లేదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది అప్లికేషన్ రాసే తీరులో. "మా గుడికి వెయ్యి మంది వస్తారు, భద్రత అవసరం" అని రాస్తే మార్కులు పడవు. ముందు స్థానిక పోలీసుల చేతో, అర్హత ఉన్న నిపుణుడి చేతో భవనం బలహీనతల మీద ఒక అంచనా రాయించుకోవాలి. ఆ తర్వాత ప్రతి వస్తువునూ ఒక బలహీనతకు ముడిపెట్టాలి. ఉదాహరణకు: "పడమటి పార్కింగ్‌లో రాత్రి వెలుతురు లేదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో చెప్పులు విడిచే షెడ్డు దగ్గరే మూడొందల మంది క్యూ కడతారు. అక్కడికి రోడ్డు నుంచి కారు నేరుగా రాగలదు. కాబట్టి ఆరు స్తంభాలు, నాలుగు లైట్లు." ఇంత సూటిగా ఉండాలి. మన పండుగల్లో రద్దీ ఎప్పుడు, ఎక్కడ ఉంటుందో చదివే అధికారికి తెలియదు. చెప్పాల్సింది మీరే.

ఇంకో మెలిక ఉంది. నేల తవ్వే పని గానీ, గోడలకు మార్పులు గానీ ఉంటే పర్యావరణం, చారిత్రక కట్టడాల పరిశీలన పూర్తయ్యేదాకా పని మొదలుపెట్టకూడదు. గ్రాంటు వచ్చిందన్న సంతోషంలో తెలిసిన కాంట్రాక్టరును పిలిచి శనివారం తవ్వకం మొదలుపెడితే ఆ ఖర్చు తిరిగి రాదు. మంజూరుకు ముందే కొన్న కెమెరాల బిల్లులూ చెల్లవు.

అసలు ఇబ్బంది మాత్రం ముందు చెప్పిన రీయింబర్స్‌మెంటే. లక్ష డాలర్ల పని చేయించాలంటే ఆ లక్ష ముందు హుండీ నుంచో, దాతల నుంచో రావాలి. 2025 మార్చిలో ఫెమా ఈ చెల్లింపులను కొంతకాలం ఆపేసినప్పుడు పని పూర్తి చేసి డబ్బు కోసం ఎదురుచూస్తున్న సంస్థలు టెన్షన్ పడ్డాయి. 2023, 2024ల్లో అడిగినవాళ్లలో సగానికి పైగా సంస్థలకు గ్రాంటు రాలేదు. ఒక మాట, ఒప్పంద పత్రాల్లో ఈ మధ్య వలస చట్టాల అమలుకు సంబంధించిన షరతులు చేరి వివాదమైంది. అర్చకుల వీసాలు, వలంటీర్ల స్టేటస్ ఇలాంటి విషయాలున్న సంస్థ సంతకం పెట్టేముందు లాయరుకు చూపించడం మంచిది.

గడువుల విషయంలోనూ జాగ్రత్త. ఫెమా చెప్పే తేదీ రాష్ట్రానికి వర్తించేది. మీ రాష్ట్ర ఏజెన్సీ అంతకంటే చాలా ముందే తన గడువు పెట్టుకుంటుంది. ప్రకటన వచ్చాక రెండు మూడు వారాలే దొరకొచ్చు. అందుకే భవనం అంచనా ముందే రాయించి పెట్టుకున్నవాళ్లదే పైచేయి.

బర్న్ స్కిప్: ఎవరూ అడగనిది, ఎక్కువ మందికి పనికొచ్చేది

2022 మేలో పది రోజుల తేడాతో బఫెలో సూపర్ మార్కెట్‌లో పది మంది, టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలయ్యారు. జూన్ 25న బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టం మీద బైడెన్ సంతకం చేశారు. అందులో 75 కోట్ల డాలర్లు, ఏడాదికి 15 కోట్ల చొప్పున ఐదేళ్లకు, బర్న్ స్టేట్ క్రైసిస్ ఇంటర్వెన్షన్ ప్రోగ్రామ్ (స్కిప్)కు కేటాయించారు. 1988లో న్యూయార్క్‌లో ఒక సాక్షి ఇంటికి కాపలా కాస్తూ హత్యకు గురైన 22 ఏళ్ల పోలీసు ఎడ్వర్డ్ బర్న్ పేరు మీద న్యాయశాఖ గ్రాంట్లు ముందే ఉన్నాయి. ఇది వాటి వరుసలోదే.

ఇది ఫార్ములా గ్రాంటు. అంటే రాష్ట్రాలు పోటీ పడక్కర్లేదు, ఒక లెక్క ప్రకారం వాటా వస్తుంది. ఆ డబ్బు దేనికి? కుంగుబాటులో, ఆవేశంలో ఉండి తనకో ఇతరులకో హాని చేయగల మనిషిని ఆపే వ్యవస్థలకు. రెడ్ ఫ్లాగ్ చట్టాల అమలు, మెంటల్ హెల్త్ కోర్టులు, డ్రగ్ కోర్టులు, మాజీ సైనికుల కోర్టులు, సంక్షోభంలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో పోలీసులకు, ఇతరులకు ట్రైనింగ్, టెలిహెల్త్, తుపాకులకు తాళాలు, లాకర్లు ఇవన్నీ దీని కిందికి వస్తాయి. రెడ్ ఫ్లాగ్ చట్టమంటే, ప్రమాదం ఉందని కుటుంబ సభ్యులో పోలీసులో కోర్టుకు చూపిస్తే జడ్జి ఆ మనిషి తుపాకులను కొంతకాలం తీసి ఉంచమని ఆదేశించడం. ఎవరు అడగొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కనెక్టికట్‌లో ఇలాంటిది 1999లోనే మొదలైంది. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. టెక్సాస్‌లో లేదు. అయినా టెక్సాస్‌కూ ఈ నిధుల్లో వాటా ఉంటుంది, ఆ రాష్ట్రం దాన్ని కోర్టులకూ చికిత్సకూ వాడుకోవచ్చు.

తెలుగు సంఘం దీనికి నేరుగా అప్లై చేయలేదు. అందుకే మనవాళ్ల జాబితాల్లో ఇది కనపడదు. కానీ రాష్ట్రం ఈ డబ్బులో కొంత భాగాన్ని కౌంటీలకు, నగరాలకు తప్పనిసరిగా పంచాలి. ఖర్చు ప్రణాళికను ఒక సలహా బోర్డు ఆమోదించాలి. ఆ బోర్డులో పోలీసులు, కోర్టులు, ప్రాసిక్యూటర్లతో పాటు మానసిక వైద్య రంగం నుంచి, బాధితుల సేవల నుంచి, స్థానిక సమాజం నుంచి మనుషులుండాలని నిబంధన. మన సమాజంలో సైకియాట్రిస్టులకు, లాయర్లకు కొదవ లేదు. ఒక మంచి డాక్టరును ఆ బోర్డులో కూర్చోబెట్టగలిగితే, వచ్చే లాభం పాతిక వేల డాలర్ల చెక్కు కంటే చాలా ఎక్కువని నా లెక్క.

ఎందుకంటే మన ఇళ్లలో ఈ సమస్య వేరే రూపంలో ఉంటుంది. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఊళ్లో అప్పు పెరిగి కుంగిపోతున్న కుర్రాడి గురించి రూమ్మేట్లకు తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియదు. పోలీసులకు చెబితే కేసవుతుందని భయం, ఇంటికి చెబితే పరువు పోతుందని భయం. మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ల కోసం 2022 జులైలో వచ్చిన 988 నంబరుకు ఫోన్ చేస్తే దుభాషి ద్వారానైనా మాట్లాడొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఇలాంటి చోట కౌంటీ క్రైసిస్ టీముకు తెలుగు మాట్లాడే కౌన్సెలర్‌ను జోడించడం, తుపాకీ ఉన్న ఇళ్లకు తాళాలు పంచడం బర్న్ స్కిప్ ఉద్దేశానికి సరిగ్గా సరిపోయే పనులు. అడగాల్సింది కౌంటీని, ఫెడరల్ ప్రభుత్వాన్ని కాదు.

లోపాలూ ఉన్నాయి. రాష్ట్రానికి రాష్ట్రానికి తీరు మారుతుంది. కొన్నిచోట్ల డబ్బంతా కోర్టులకే పోతుంది. 2022 చట్టంలో పెట్టిన ఐదేళ్ల పద్దు 2026 ఆర్థిక సంవత్సరంతో అయిపోతుంది. రాష్ట్రాలు పాత ఏళ్ల నిధులను ఆలస్యంగా పంచుతుంటాయి కాబట్టి తలుపు ఒక్కసారిగా మూసుకుపోదు. ఇంకా ఆలోచిస్తూ కూర్చునే సమయం మాత్రం లేదు.

సీవీఐపీఐ: పేరు పెద్దది, నమ్మకం తక్కువ

వీధి హింస ఆపడం అనగానే నిపుణులు ముందు చెప్పేది న్యాయశాఖ ఇచ్చే ఈ కమ్యూనిటీ బేస్డ్ వయొలెన్స్ ఇంటర్వెన్షన్ అండ్ ప్రివెన్షన్ ఇనీషియేటివ్ పేరే. ఈ పని జరిగే తీరు ఇలా ఉంటుంది. బుల్లెట్ తగిలిన కుర్రాడు ఆసుపత్రిలో ఉండగానే ఆ పేటలో అందరికీ తెలిసిన మనిషి ఒకరు మంచం పక్కకు చేరతారు. ఒకప్పుడు తానూ అదే వీధుల్లో తిరిగినవాడు కావచ్చు. "నీ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు" అని అడిగి, ఆ రాత్రి ప్రతీకారానికి బయల్దేరేవాళ్లను ఆపుతారు. చికాగోలో పుట్టిన క్యూర్ వయొలెన్స్, కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో పుట్టిన అడ్వాన్స్ పీస్ ఈ తరహావి. 2022 చట్టం ఇలాంటి పనులకు ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలకే 20 లక్షల డాలర్ల దాకా, మూడేళ్లకు, నేరుగా ఇచ్చేవారు.

2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. వాటిలో ఈ కార్యక్రమం కింద ఉన్నవి చాలా ఉన్నాయి. ఆ గ్రాంట్లు న్యాయశాఖ ప్రాధాన్యాలకు ఇక సరిపోవడం లేదన్నదే ఇచ్చిన కారణం. అప్పటికే జీతాలకు మనుషులను పెట్టుకున్న సంస్థలు వాళ్లను ఇంటికి పంపాల్సి వచ్చింది. ఆ ఏడాది కొత్త ప్రకటనలో స్వచ్ఛంద సంస్థలు నేరుగా అప్లై చేసే దారి మూసేసి, నగరాలు, కౌంటీల వంటి ప్రభుత్వ సంస్థల వైపు, పోలీసు వ్యవస్థల వైపు మొగ్గు చూపారు. ఇప్పుడు చిన్న సంస్థకు ఇందులో చోటుందంటే అది నగరానికి భాగస్వామిగా మాత్రమే.

తెలుగు సంఘానికి ఇది సరిపోదు, మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ పనికి కావాల్సిన నమ్మకం ఆ పేటల్లో పుట్టి పెరిగినవాళ్లకే ఉంటుంది. ఆ పేటలో స్టోర్ నడుపుతున్న మనవాళ్లు అక్కడ పనిచేస్తున్న సంస్థకు స్థలమో, చందానో ఇవ్వొచ్చు. పోటీగా కొత్త సంస్థ పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

రాష్ట్రాల సొంత డబ్బు

వాషింగ్టన్‌లో గాలి మారినా ఆగని డబ్బు కావాలంటే రాష్ట్రం వైపు చూడాలి. కాలిఫోర్నియా 2024 జులై 1 నుంచి తుపాకులు, తూటాల అమ్మకాల మీద 11 శాతం పన్ను వేసింది. అందులో ముందుగా ఏటా ఏడున్నర కోట్ల డాలర్ల దాకా కాల్‌విప్ అనే రాష్ట్ర హింస నివారణ గ్రాంటుకు వెళ్లాలని చట్టం. కాల్‌విప్ కింద డబ్బు తీసుకున్న నగరం అందులో కనీసం సగం స్థానిక స్వచ్ఛంద సంస్థలకు పంచాలి. చిన్న సంస్థకు ఇంతకంటే అనుకూలమైన నిబంధన నాకు మరెక్కడా కనపడలేదు. కొలరాడోలో 2024 నవంబరులో ఓటర్లు 6.5 శాతం పన్నుకు ఒప్పుకున్నారు. అందులో పెద్ద వాటా బాధితుల సేవలకు పోతుంది. ఇల్లినాయ్‌లో 2021 నాటి రీఇమాజిన్ పబ్లిక్ సేఫ్టీ చట్టం కింద తుపాకీ హింస నివారణకు ప్రత్యేక కార్యాలయమే ఉంది. న్యూయార్క్‌లో వీధి కాల్పులు ఆపే స్నగ్ కార్యక్రమం నడుస్తోంది.

గుళ్ల భద్రతకు కూడా కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో రాష్ట్రాల సొంత గ్రాంట్లున్నాయి. ఎడిసన్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో ఉన్న గుడి ఫెడరల్‌ది ఒకటే నమ్ముకోకుండా రెండింటికీ సిద్ధం కావడం మేలు. ఒకసారి రాయించిన అంచనా రెండు చోట్లా పనికొస్తుంది. టెక్సాస్, జార్జియాల్లో ఉన్నవాళ్లు రాష్ట్రం కంటే నగరం, కౌంటీ బడ్జెట్ల మీదే కన్నేయాలి. ఒక హెచ్చరిక: కోవిడ్ సాయంగా 2021లో వచ్చిన ఫెడరల్ డబ్బుతో చాలా నగరాలు హింస నివారణ కార్యాలయాలు తెరిచాయి. ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి గడువు 2026 డిసెంబరు 31. ఆ తర్వాత ఆ కార్యాలయం ఉంటుందో లేదో అడిగి తెలుసుకోకుండా దానితో మూడేళ్ల ఒప్పందాలు పెట్టుకోవద్దు.

జరగరానిది జరిగితే

ఇది సంస్థకు వచ్చే గ్రాంటు కాదు గానీ, సంఘాల వాళ్లు తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇదేనని నా అభిప్రాయం. 1984 నాటి వోకా (నేర బాధితుల) చట్టం ఫెడరల్ నేరస్తులు కట్టే జరిమానాలతో ఒక నిధి పెట్టింది. రాష్ట్రాలు నడిపే బాధితుల పరిహార పథకాలకు దాని నుంచి సాయం అందుతుంది. కాల్పుల్లో గాయపడినవారి ఆసుపత్రి ఖర్చులు, కౌన్సెలింగ్, పోయిన ఆదాయం, చనిపోతే అంత్యక్రియల ఖర్చులు వీటి కింద అడగొచ్చు. పరిమితులు, గడువులు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఇన్సూరెన్స్ వంటివి ఇచ్చాక మిగిలిన ఖర్చుకే ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో పౌరసత్వం అడ్డు కాదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారి కుటుంబం కూడా అడిగి చూడాలి. పనిలో ఉండగా కాల్పులు జరిగితే వర్కర్స్ కాంపెన్సేషన్ వేరే దారి.

మన దగ్గర ఏం జరుగుతుందంటే, విషయం తెలిసిన గంటల్లోనే గోఫండ్‌మీ మొదలవుతుంది. తానా తెలుగు సంఘం అత్యవసర సాయ బృందం టీమ్ స్క్వేర్ లాంటివి భౌతికకాయాన్ని ఇండియాకు పంపే ఏర్పాట్లు చూస్తాయి. అది గొప్ప సాయమే. ఆ హడావుడిలో పరిహారం ఫారం నింపేవాళ్లు ఉండరు. పోలీసు రిపోర్టు నంబరు, ఫ్యూనరల్ హోమ్ బిల్లులు మొదటి వారంలోనే జాగ్రత్త చేసి పెడితే, గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రుల తరఫున తర్వాత అడగడం తేలికవుతుంది.

మీరెవరు, మీకేది

సొంత భవనం ఉన్న గుడి అయితే, చేతిలో ఆరు నెలలు ఆగగలిగే డబ్బుంటే ఎన్‌ఎస్‌జీపీ. అంత డబ్బు లేకపోతే రెండు లక్షల కలలు పక్కనపెట్టి, పాతిక ముప్పై వేలలో అయ్యే లైట్లు, తలుపుల పనికే అడగండి. చిన్న అప్లికేషన్ పూర్తి చేయడం తేలిక, ముందు పెట్టాల్సిందీ తక్కువ. అద్దె హాల్లో నడిచే గుడికి స్థిరమైన మార్పులు చేయాలంటే ఓనరు అనుమతి కావాలి. గార్డులు, ట్రైనింగ్ వైపు వెళ్లడం నయం.

భవనం లేని తెలుగు సంఘానికి ఎన్‌ఎస్‌జీపీ వల్ల పెద్ద ప్రయోజనం లేదు. కౌంటీ మానసిక ఆరోగ్య శాఖతో కూర్చుని, బర్న్ స్కిప్ కింద వాళ్లు చేసే పనిలో తెలుగు భాష బాధ్యత తీసుకోండి. డబ్బు కౌంటీ ఖాతాలోనే ఉంటుంది, లెక్కలు వాళ్లే రాస్తారు, మీరు మనుషులను ఇస్తారు. సంఘం పేరు మీద చెక్కు రాలేదే అని బాధపడే అధ్యక్షులుంటే ఇది కుదరదు, అది వేరే సంగతి.

జీతం తీసుకునే సిబ్బంది ఇద్దరు ముగ్గురున్న చిన్న సంస్థకు రాష్ట్ర గ్రాంటు, లేదా నగరం ద్వారా వచ్చే ఉప గ్రాంటు సరిపోతుంది. ఫెడరల్ డబ్బు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి ఖర్చు పెడితే ప్రత్యేక ఆడిట్ తప్పదు. ఈ పరిమితి 2024 అక్టోబరు తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఏడున్నర లక్షల నుంచి పెరిగింది. ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం లాంటి పరోక్ష ఖర్చులకు 15 శాతం దాకా అడగొచ్చు. చాలామంది అడగకుండా వదిలేసి తర్వాత జేబులోంచి పెట్టుకుంటారు. ఒక్క గ్రాంటు మీద అందరి జీతాలూ ఆధారపడేలా మాత్రం చూసుకోవద్దు.

కౌంటీలోనో, స్కూల్ బోర్డులోనో పదవిలో ఉన్న తెలుగువాళ్లకు అవకాశం ఇంకా ఎక్కువ. మీ రాష్ట్రంలో బర్న్ స్కిప్ సలహా బోర్డు ఆమోదించిన ప్రణాళిక తెప్పించుకుని చదవండి. అందులో మీ కౌంటీ పేరు ఉందా లేదా అన్నది చూస్తే తర్వాత ఎవరిని అడగాలో తెలుస్తుంది.

గ్యాస్ స్టేషన్, కన్వీనియన్స్ స్టోర్, మోటల్ నడిపేవాళ్లకు ఈ గ్రాంట్లలో చోటు లేదు. "మీ షాపుకు ఫెడరల్ గ్రాంటు ఇప్పిస్తాం, ముందు ఐదొందలు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. కొన్ని నగరాలు కెమెరాలకు రిబేటు ఇస్తుంటాయి. వాషింగ్టన్ డీసీ అలాంటిదే నడిపింది. మీ నగరంలో ఉందేమో పోలీసు శాఖ కమ్యూనిటీ ఆఫీసర్‌ను అడిగితే ఖర్చు లేకుండా తెలుస్తుంది. షాపు చుట్టూ భద్రత ఎలా ఉందో చూసి చెప్పమంటే చాలాచోట్ల వాళ్లే ఉచితంగా వచ్చి చూస్తారు.

ఏ సంస్థ అయినా ఈ వారం చేయగల పని ఒకటుంది. ఫెడరల్ డబ్బు కోసం సంస్థను గుర్తించే యూఈఐ అనే నంబరు ఉండాలి. సామ్ (SAM.gov) అనే ఫెడరల్ వెబ్‌సైట్‌లో అది ఉచితం. ఎన్‌ఎస్‌జీపీకి ఆ నంబరు చాలు, నేరుగా తీసుకునే మిగతా ఫెడరల్ గ్రాంట్లకు పూర్తి రిజిస్ట్రేషన్ కావాలి. సంస్థ పేరు, అడ్రసు మీ ఐఆర్‌ఎస్ కాగితాల్లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. పాత అధ్యక్షుడి ఇంటి అడ్రసు మీద రిజిస్టరైన సంఘాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. అది సరిచేసుకోవడానికే వారాలు పడుతుంది, గ్రాంటు ప్రకటన వచ్చాక ఆ వారాలు దొరకవు.